ఉత్తరపు గోడలో గుండ్రాళ్ళు

దగ్గరికి జరగండి పిల్లలూ. బడి బస్సు మలుపు తిరిగే చోట, మిట్ట మీద కప్పులేని రాతి చర్చి ఉంది చూశారూ, పైకి పోనుపోను ఇరుకయ్యే గుమ్మం, తూర్పున చెయ్యి మాత్రమే పట్టే కిటికీ? దాని చుట్టూ ఉన్న సమాధుల తోట ఉత్తరపు గోడ దాపుకి ఈ ఐర్లండు వాళ్ళెవరూ పోరు, గొర్రెలు కూడా మేయవు. ఎందుకంటారా?

వెనకటికి మాలకీ అని రాతిమేస్త్రీ, అతని భార్య ఒనోరా. లేకలేక ఆడపిల్ల పుట్టి, జ్ఞానస్నానం చేయించేలోపే పోయింది. అలాంటి బిడ్డకి సమాధుల తోటలో చోటు లేదు, అప్పటి కట్టడి అది. గోడ అవతల, ఉత్తరం వైపు, పొద్దు వాలాక తండ్రి ఒక్కడే పాతిపెట్టి, పేరైనా చెక్కకుండా గుర్తుకో గుండ్రాయి పెట్టి రావాలి. పెట్టి వచ్చాడు. ఒనోరా మాత్రం ముద్ద ముట్టదు, నా బిడ్డ వానలో బయటుందని ఒకటే పలవరింత. నువ్వూ ఒక మేస్త్రీవేనా, ఊరందరికీ గోడలు కడతావు, సొంత బిడ్డని గోడ లోపలికి తేలేవా అని దెప్పింది.

ఆ మాట అతన్ని పట్టుకుంది. గోడ ఎలాగూ పాడైంది, బాగుచెయ్యమని ఫాదర్‌గారే పురమాయించారు. బిడ్డని కదిలించడం పాపం గానీ గోడని కదిలిస్తే పాపమేముంది? పాతిక అడుగులు విప్పి, బిడ్డ లోపలికి వచ్చేలా జరిపి కట్టాడు. సున్నం లేని కట్టుబడి, సందుల్లో చిన్న రాళ్ళు బిగించాలి, అవి చాలలేదు, పైన మబ్బు ముంచుకొస్తోంది, ఇంక గడ్డిలో చేతికందిన గుండ్రాళ్ళన్నీ ఏరి బిగించేశాడు. అవేమిటో అతనికి తెలియదంటారా? అలాగే పోయి అక్కడే పాతిన పసికందుల మీది గుర్తులమ్మా అవి, ముప్ఫై ఇళ్ళ తల్లులవి.

సాయంత్రం ఒనోరా బిడ్డ దగ్గర కూర్చుంటే, గోడ సందుల్లోంచి పసివాళ్ళు పాలు చప్పరించే చప్పుడు, ఒకరిది కాదు, గోడ పొడుగునా. రొమ్ము మీది బట్ట తడిసిపోయింది. ఇంటికి పరుగెత్తి, ఆ రాళ్ళు తీసెయ్యమని మొగుడి కాళ్ళు పట్టుకుంది. తీస్తే గోడ కూలుతుంది, మన పిల్ల మళ్ళీ బయటే, అయినా ఏ రాయి ఎక్కడిదో నాకేం గుర్తు అన్నాడతను. ఆమె, అయితే బయటే ఉండనీ, అందరితో పాటే ఉంటుందని, తనే వెళ్ళి ఒక్కోటీ ఊడబెరికింది. గోడ కూలింది. ఆమె మీదే.

ఇప్పటికీ పొద్దుగూకే వేళ ఒడినిండా రాళ్ళతో తిరుగుతుందట, ఎవరు కనబడ్డా ఒకటి చాపి, ఇది నీ బిడ్డదేనా తల్లీ అంటుందట. పోస్టాఫీసు ఆవిడ మొహమాటానికి పుచ్చుకుంది. పెళ్ళే కాని మనిషి, రోజూ ఆ రాయిని నిద్రపుచ్చి గానీ తలుపు తియ్యదు.

పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తే కాదనకూడదని మీకు నేర్పింది నేనే. అక్కడ మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యకండి. అసలు అటు పోకండి.