బంగళా నూతిలో గౌను బొమ్మ

కాలవ బంగళా ఎనక సింతసెట్టుంది సూడండి, దాని కింద పాడుబడ్డ నుయ్యి. అక్కడికి ఎవులూ ఎల్లరు. సింతకాయలు రాలి కుళ్లిపోయినా ఏరరు, మేక తప్పిపోయి అటెల్తే దాని కర్మని వదిలేత్తారు గానీ ఎల్లరు. ఎందుకో తెలుసా? ఆ దీపం ఇటు జరిపి కూకోండి మరి.

అసిరయ్యని మీరెరగరు. దెయ్యాల్ని దిగదీసేవోడు. ఎవరికి జొరమొచ్చినా, ఏ కోడలు ఉలిక్కిపడినా ఆడినే పిలిసేవోరు, ఆడు దెయ్యమంటే దెయ్యం, కాదంటే కాదు. ఎలా పోల్చుకుంటావు మావా అంటే, కాళ్లు సూడాలనేవోడు. దెయ్యానికి కాళ్లు ఎనక్కి తిరిగుంటాయి, లేపోతే అసలుండవు, అంతే కదా మరి.

అయితే తెల్లదొరలు ఎప్పుడో వదిలెల్లిన ఆ బంగళా కప్పు కూలితే సామానంతా బయటికి ఈడ్చేరు, ఈడిస్తే రంగులతో ఏసిన పెద్ద బొమ్మ బయటపడింది, నిలువెత్తు ఆడమనిషి. నీలం పట్టు గౌను, భుజాల కాడ కుచ్చులు, కిందంతా నేల మీద పరుసుకుపోయింది. నుదుట బొట్టు లేదు, సేతికి గాజు లేదు. ఊరంతా మూగేరు. దొరసాని అన్నాడొకడు, దొరసానైతే ఒళ్లు మన రంగుందేటని ఇంకొకడు. అప్పుడు కల్లుగీసే గురువులనేవోడు నవ్వి, దొర ఉంచుకున్నదిలేరా, లేపోతే అంత గౌను ఊరికే ఎవడు తొడుగుతాడు అన్నాడు. అందరూ నవ్వేరు.

అసిరయ్య నవ్వలేదు. ఆడు బొమ్మ సెవి సూసేడు. ఎడం సెవి తమ్మె తెగి రెండు పాయలై ఏలాడతంది. ఆడికి తెలీదేటి, సంటోడప్పుడు కమ్మ పట్టుకు లాగి తెంపింది ఆడే కదా. అది ఆళ్లమ్మ, ఎర్నమ్మ. బంగళాలో తుడుపు పని సేసేది, ఎప్పుడో పోయింది, ఆమెని ఎరిగినోళ్లు కూడా ఊళ్లో మిగల్లేదు. బొమ్మలేసే సరదా దొరసానిదే, ఓ వానపూట తన గౌను ఈమెకి తొడిగి నిలబెట్టి ఏసింది, అంతకి మించి ఏటీ లేదు. ఎర్నమ్మ ఆ మాటే ఇంట్లో సెప్పుకుని మురిసిపోయేది. ఈడికన్నీ తెలుసు. తెలిసీ, ఇప్పుడు మా యమ్మంటే ఈళ్లేటనుకుంటారోనని, మొకం దించుకుని గౌను అంచు సూపించి, కాళ్లేవీ అన్నాడు.

నిజమే మరి, కాళ్లు లేవు. సీరైతే పాదం కనపడతాది గానీ, గౌనులో కాళ్లుంటాయని ఆ జనానికి ఎవులు సెప్పాలి? గడకర్రల్తో తోసుకెళ్లి నూతిలో పడేసేరు.

మర్నాడు పొద్దు వాలేవేళ అసిరయ్య అటుగా వస్తంటే నూతిలోంచి పిలుపొచ్చింది. కోపంగా కాదు, అన్నానికి పిలిసినట్టే. అసిరీ, నాకు కాళ్లు లేవన్నావంటరా, మరి నిన్ను సంకనేసుకుని సంతకి ఏటితో నడిసేనురా అంది.

ఆడు అక్కణ్ణుంచి పరుగందుకున్నాడు. భయమనుకున్నారా? దెయ్యాల మద్దెన బతికినోడికి భయమేటి, సిగ్గు. ఊళ్లోకి ఉరికొచ్చి, అది దెయ్యం కాదు మా యమ్మే, నేనబద్ధమాడేను అని అందరి ముందూ సెప్పేడు. నమ్మేరా? పాపం ఈడికే పట్టేసిందిరా అన్నారు. పొరుగూరి భూతవైద్యుణ్ణి తెచ్చేరు, ఏపమండలు తెచ్చేరు, కట్టేసి కొడతా, అది నీకేటవుతాదిరా అనడిగేరు. అమ్మ అన్నాడు. మళ్లీ కొట్టేరు. అమ్మే అన్నాడు. ఒళ్లు సిట్లిపోయేక, నాకేటీ కాదు, దెయ్యమే అనేసేడు. దిగిపోయిందని కొబ్బరికాయ కొట్టి, ఆడికింత అన్నం పెట్టేరు. తిన్నాడు.

ఆనాటి నుంచి నూతిలో పిలుపు ఆగిపోయింది. ఈడే పొద్దు వాలితే ఎల్లి, అంచున కూకుని పిలిసేవోడు. పలికితేనా. అలా పిలుస్తా పిలుస్తా ఓనాడు అక్కడే పోయేడు. ఇప్పటికీ అటెల్తే ఇనపడేది మగగొంతే, అమ్మా అని.

అందుకే ఎల్లకండి. ఎల్లినా పలక్కండి, పిలిసేది మిమ్మల్ని కాదు. తొంగి కూడా సూడకండి, అంచు రాళ్లు ఊడిపోయున్నాయి.