మూడుసార్లే మొరాయించింది

ఐదు ఆటలు కలిసిన పోటీ అది; ఈత, కత్తియుద్ధం ముగిసేసరికి ఆమెదే మొదటి స్థానం. తర్వాతిది గుర్రపు స్వారీ. చీటీలో ఆమెకు వచ్చిన గుర్రం శాలలో గోడవైపు తిరిగి వణుకుతోంది. ఆమెకు శిక్షణ ఇచ్చేది సొంత అన్నే.

"ఇదిగో కొరడా. ఎక్కు."

"ఇందాక దీనిమీద వెళ్లిన అమ్మాయి బాదిన వాతలు చూడన్నయ్యా. వేరే గుర్రం అడిగావా?"

"అడిగాను. నాలుగుసార్లు మొరాయిస్తేనే మారుస్తారట. ఇది మూడుసార్లే మొరాయించిందట."

"ఆ నాలుగోసారి కోసం నేను బాదాలా?"

"నీ వెనక రెండో స్థానంలో ఉన్న పిల్లకి వెన్నలాంటి గుర్రం తగిలింది. మన ఖర్మకి ఇది. న్యాయం గురించి రేపు తీరిగ్గా పోట్లాడదాం, ముందు ఎక్కవే తల్లీ!"

"ఎక్కను."

"స్వారీకి సున్నా వేస్తారు. ఇన్నేళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుంది."

"తెలుసు."

"రేపు ఇంకెవరో ఎక్కుతారు. నువ్వు మానేస్తే దీనికి ఒరిగేదేముంది?"

"ఈ ఒక్క పూట దీన్ని ఎవరూ కొట్టరు."

"అయితే అమ్మకి నువ్వే చెప్పుకో. నాకు మొహం చెల్లదు."

కొరడా విసిరేసి అన్న వెళ్లిపోయాడు. మైకులో ఆమె పేరు రెండోసారి పిలిచారు. ఆమె జీను పట్టీ వదులు చేసి, గుర్రం మెడ నిమరబోయింది. అది ఆమె చేతికి అందకుండా పక్కకు జరిగిపోయింది.