సఖేవి నుంచి వచ్చిన తోలుతిత్తి

"సఖేవి ఎక్కాలంటే ఎవరికైనా ఒక పూట పడుతుంది. నాకు అరపూట కూడా పట్టలేదు. ఇందులో గొప్పేం లేదు, కాళ్ళు అలాంటివి, దేవుడిచ్చిన కాళ్ళు," అని ఎల్గుజా మొదలుపెట్టాడు.

చర్చి పక్కన రొట్టెల పొయ్యి దగ్గర చేరాం మేమంతా. తెల్లవారితే పునీత గియోర్గి పండుగ. సియాలా పిన్ని పొయ్యి గోడకి రొట్టెలు చరుస్తోంది. ఫాదర్ ఇలరియోన్ నిలబడే ఉన్నాడు. పాపం, ఆయనకి మూడు రోజులుగా కాలు నిలవడం లేదు. ఈ ఏడు వడగళ్ళు పడి మా లోయలో ద్రాక్షగుత్తి అన్నది మిగల్లేదు. ఇళ్ళల్లో కిందటేటి వైన్ కాస్తో కూస్తో ఉంది కానీ, తెరిచి మనుషులు తాగిన బానలోది పూజకి పనికిరాదు. భూమిలో పాతి, మూత మీద మట్టి మెత్తి, ఎవరూ ముట్టకుండా ఉంచినదే కావాలి. చర్చి బాన మూడు రోజుల కిందట తెరిస్తే పులిసిపోయి ముక్కు పగిలేలా ఉంది. అందుకే ఫాదర్ మేకతోలు తిత్తి ఒకటి ఇచ్చి ఎల్గుజాని కొండమీది సఖేవికి పంపాడు. వాడు ఇదిగో ఇప్పుడు దిగాడు. తిత్తి గుంజకి వేలాడుతోంది, చూడి మేకలా నిండుగా.

"ముందు అది లోపలికి ఇవ్వు నాయనా," అన్నాడు ఫాదర్.

"ఇస్తాను ఫాదర్. దారి పొడుగునా కుదుపులకి వైన్ అలిసిపోయింది, కాసేపు పడుకోనివ్వండి," అని ఎల్గుజా కుడికాలు బల్ల కిందికి ముడుచుకుని సర్దుకు కూర్చున్నాడు. "ఏం చెబుతున్నాను? ఆఁ, కాళ్ళు. చెస్ట్‌నట్ చెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఎదురుగా ఎలుగుబంటి, ఈ చర్చి తలుపంత ఉంది, నేనేమో వట్టి చేతులు, పునీత గియోర్గీ నువ్వే దిక్కు అన్నాను, అంతే, అది తలొంచి శిలువ వేసుకుంది."

"ఎలుగుబంటా?" అన్నాడు ముర్మాన్. ముర్మాన్ ఎల్గుజా పక్కింటివాడు, చిన్నప్పటి నుంచీ వీడి మాటలు వింటూ బతుకుతున్నాడు.

"కుడిచేత్తో వేసుకుంది. ఎడమచేత్తో నా తిత్తి అందుకుని ఊరి గవిని దాకా మోసింది. లోపలికి రమ్మన్నాను, సిగ్గుపడి వెళ్ళిపోయింది. ఇక ఆ ఊరు చూడాలి! వెయ్యేళ్ళ నాటి రాతి ఇళ్ళు, ఒకదాని నెత్తిన ఒకటి. పై ఇంటివాళ్ళ గడప దగ్గర కింది ఇంటివాళ్ళ పొగగొట్టం ఉంటుంది. పై ఇంటావిడ గడపలో నిలబడి కింది ఇంటి కుండలో ఉప్పు వేస్తుంది. ఎక్కువైందనుకో, ఆ పై ఇంటావిడ నీళ్ళు పోస్తుంది. గుమ్మడికాయలకి తాళ్ళు కట్టి ఉంచుతారు, కట్టకపోతే దొర్లుకుంటూ వచ్చి మన ఊళ్ళో పడతాయి."

"అందుకేనట్రా కిందటేడు విత్తనం వేయకుండా మా దొడ్లో గుమ్మడికాయ కనపడింది!" అన్నాడు ముర్మాన్.

"చూశారా, సాక్షి దొరికాడు!"

సియాలా పిన్ని పొయ్యిలోంచి తల ఎత్తింది. ఆవిడ పుట్టిల్లు సఖేవే. "పెళ్ళయ్యేదాకా అక్కడే పెరిగాను. మా కుండలో ఎవరూ ఉప్పు వేయలేదే?"

"నువ్వు వచ్చేశాక మొదలైంది పిన్నీ. సరే, పెద్దలంతా నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తాగడానికి కొమ్ము ఇచ్చారు. ఏం కొమ్మనుకున్నారు? ఒక చివర నా నోట్లో, రెండో చివర పక్కింట్లో. అక్కడ పోస్తే ఇక్కడికి వచ్చేసరికి ఒక పాట అయిపోతోంది. పోసినవాడి మొహం నేను ఇప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కొమ్ము విరిగిందా?" అన్నాడు ముర్మాన్.

"నీ మొహం! ఎత్తి దించకుండా తాగేశాను. వాళ్ళు నోళ్ళు తెరిచి, ఇంతటివాడికి తిత్తిలో పోసివ్వడం మర్యాద కాదు, పునీతుడి బానలోకి నువ్వే దిగి ముంచుకో అన్నారు. నడుముకి తాడు కట్టి దింపారు. తాడు అయిపోయింది. ఇంకో తాడు ముడేశారు. అదీ అయిపోయింది. ఊళ్ళో పశువుల పలుపులన్నీ అయిపోయాయి. అడుగున కాలు మోపి, భయం పోవడానికి మన మూడు గొంతుల కీర్తన అందుకున్నాను. నేను ఒక గొంతు పాడుతుంటే మిగిలిన రెండు గొంతులూ బాన పాడింది! శ్రుతి తప్పకుండా! మన చర్చిలో ఎప్పుడైనా అలా కుదిరిందా ఫాదర్?"

"తిత్తి సంగతి చెప్పు," అన్నాడు ఫాదర్.

"అక్కడికే వస్తున్నాను. ఆ చీకట్లో ఎవరో గోడ తోముతున్న చప్పుడు. చూద్దును కదా, గడ్డం మోకాళ్ళ దాకా ఉన్న మనిషి. వందల ఏళ్ళ కిందటి రాణిగారి కాలంలో బాన కడగడానికి దిగాడట, పైన యుద్ధం అయిపోయిందా అని అడిగాడు. ఏ యుద్ధం అన్నాను. పాపం ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు, నేను తిత్తి నింపుకుని వచ్చేశాను."

ముర్మాన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎల్గుజాకి ఊపు ఎక్కువైంది. లేచి నిలబడబోయి, ఎందుకో మళ్ళీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు చెప్పేది నవ్వే విషయం కాదు. దిగుతున్నాను. పొగమంచు. కాలు జారింది, కింద లోయ. పడుతున్నాను, పడుతూనే ఉన్నాను, తిత్తి మాత్రం వదల్లేదు. అప్పుడు గిట్టల చప్పుడు. తెల్లగుర్రం. పునీత గియోర్గి స్వయంగా వచ్చి, నా కాలరు పట్టుకుని, వెనకాల ఎక్కించుకుని..."

నవ్వు ఆగిపోయింది. ముర్మాన్ టోపీ తీసేశాడు. ఫాదర్ మొహంలో రక్తం లేదు. అబద్ధమని కోప్పడదామా అంటే పండుగ ముందురోజు, నిజమని మోకరిల్లుదామా అంటే చెబుతున్నది ఎల్గుజా. మేమంతా శిలువ వేసుకున్నాం, చేతులు వాటంతటవే లేచాయి.

సియాలా పిన్ని మాత్రం పిండి చేతులు దులుపుకుని గుంజ దగ్గరికి నడిచింది. తిత్తి మూతి తడిమింది.

"ఈ ముడి ఎవరు వేశారు?"

"సఖేవి పెద్దాయన. తన చేత్తో."

"మా ఊళ్ళో పునీతుడి వైన్‌కి పచ్చి ద్రాక్షతీగతో తప్ప ముడి వేయరు. మా తాత వేయలేదు, ఆయన తాత వేయలేదు." ఆవిడ ఇటు తిరిగింది. "ఎల్గుజా, నీ కుడికాలు బయట పెట్టు."

వాడు కదల్లేదు. ముర్మాన్ వంగి బల్ల కింద చూశాడు. బూటు నాలుక బయటికి వేలాడుతోంది. లేసు లేదు. లేసు తిత్తి మూతికి ఉంది.

ముర్మాన్ ముడి విప్పి అరచేతిలో వంచుకున్నాడు. నోట్లో పోసుకుని నేల మీద ఉమ్మేశాడు.

"నీళ్ళు!"

పొయ్యి గోడ మీంచి రొట్టె ఒకటి ఊడి నిప్పుల్లో పడింది. మాడు వాసన వస్తున్నా ఎవరూ తీయలేదు. తెల్లవారితే పండుగ. మా తాతల కాలం నుంచీ పూజ లేకుండా గడవని పండుగ.

"వెళ్ళాను ఫాదర్," అన్నాడు ఎల్గుజా. "వాళ్ళు నిండా పోసిచ్చారు. మలుపులో రాతి శిలువ ఉంది కదా, దాని దగ్గర కూర్చున్నాను. చనిపోయినవాళ్ళని తలుచుకోకుండా దాన్ని దాటుతామా? వాళ్ళ పేరున ఒక్క గుక్క తాగుదాం అనుకున్నాను. ముందు పునీతుడికి. తర్వాత మా అమ్మకి. అమ్మకి తాగి నాన్నని ఎలా వదిలేయను? తర్వాత మా వీధి. మా వీధికి తాగి ఎగువ వీధిని వదిలేస్తే వాళ్ళేం పాపం చేశారు? ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను. రెండు రోజులు పట్టింది. అయిపోయాక ఊట నీళ్ళు పట్టి ప్రార్థన చేశాను. దేవుడు తలుచుకుంటే నీళ్ళు వైన్ కావడం ఎంతసేపు అనుకున్నాను."

ముర్మాన్ పిడికిలి బిగించి వాడి మీదికి వెళ్ళాడు. "మా నాన్నకి తాగావా?"

"ఐదోది."

ముర్మాన్ పిడికిలి విప్పి వాడి పక్కనే కూలబడ్డాడు.

"మా సెవేరికి?" అంది సియాలా పిన్ని. సెవేరి ఆవిడ భర్త, పోయి ఆరేళ్ళు.

ఎల్గుజా లేసు లేని బూటు వైపు చూశాడు. ఊ అంటే పోయేది. మేమంతా ఊ అంటాడనే అనుకున్నాం.

"మీది దిగువ వీధి పిన్నీ. అక్కడికి రాకముందే తిత్తి అయిపోయింది."

ఆవిడ కొడుతుందనుకున్నాం. నిప్పుల్లో మాడిన రొట్టెని గరిటెతో తీసి అవతల పడేసింది.

"కొండ దిగినప్పటి నుంచీ నీ నోట్లోంచి వచ్చిన మొదటి నిజం ఇది," అంది. "ఫాదర్, మా పెరట్లో సెవేరి పాతిన బాన ఒకటుంది. నా చావు రోజున వచ్చినవాళ్ళకి పోయమని మట్టి మెత్తి వెళ్ళాడు. ఎవరూ ముట్టలేదు. రేపటి పూజకి తీసుకోండి. ఆయన పేరు వీడొక్కడు కాదు, ఊరంతా తలుచుకుంటుంది."

"మరి నీ సంగతి, సియాలమ్మా?" అన్నాడు ఫాదర్.

"నా సంగతేముంది, వచ్చే పంట దాకా చావడానికి తీరుబడి లేదు." ఆవిడ ముర్మాన్ విప్పిన లేసుని తీసి ఎల్గుజా ఒళ్ళోకి విసిరింది. "లేసు కట్టుకుని పార పట్టుకురా. మూత నువ్వే తీయాలి. జారి లోపల పడ్డావో, ఆ గడ్డపాయన నీకు ఇంకా చాలా యుద్ధాలు చెప్పాల్సి ఉంది."