ఉప్పెక్కిన బావి

నూకరత్నమని ఒకావిడండి, గోదారి సముద్రంలో కలిసే చోట పుల్లేటిలంకలో ఉండేది. మొగుడు సింహాద్రి ఏటకెళ్తే ఈవిడ చేపలు ఎండబెట్టేది. ఆవిడ వాకిట్లో ఇసకలో తవ్విన బావి ఉంది చూడండి, చుట్టూ ఉప్పునీళ్ళే అయినా, అందులో మాత్రం కొబ్బరినీళ్ళల్లే ఉండేవంట. లంకంతా ఆ నీళ్ళే తాగేది. ఎలాగంటే, వాననీరు ఇసకలోకి దిగి, కిందున్న ఉప్పునీటి మీద తేలతా ఉంటదన్నమాట, పాల మీద మీగడలాగ. మెల్లిగా తోడుకుంటే తియ్యటిదొస్తది, ఆత్రపడితే అడుగుది పైకొస్తది.

ఇంతలో ఏమైందంటే, పట్నం నించి ఒకాసామి వచ్చి సరుగుడు తోట కొని రిసార్టు కట్టేడు. ఇంక చూస్కోండి, లాంచీల మీద లాంచీలు. ఆ లైట్లూ ఆ పాటలూ చూసి, గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేళ్ళు ఎనక్కి పోయేయంట. పోనీ అనుకోండి, ఆటికి మన భాష రాదు కదా, అడగడానికి. వచ్చినోళ్ళేమో చుట్టూ సముద్రమున్నా ఈత కొట్టడానికి నీళ్ళు లేవన్నారంట. అందుకని ఆసామి పెద్ద ఈతకొలను కట్టించి, బోరేసి, పొద్దస్తమానం మోటారాడించేడు.

ఒకరోజు సింహాద్రి టీ తాగి, "ఏమే, పంచదారనుకుని ఉప్పేసేవా?" అన్నాడు. ఈవిడా తాగింది, ఊసేసింది. బావి దగ్గరకెళ్ళి దోసిలితో తాగి చూసి అక్కడే చతికిలబడిపోయింది. తుపానుకి ఇల్లెగిరిపోయినప్పుడు కూడా ఏడవని మనిషి, అప్పుడేడిసిందంట.

లేచి తిన్నగా ఆసామి దగ్గరకెళ్ళింది. "బాబూ, మోటారాపించండి, మా బావి ఉప్పెక్కిపోయింది" అంది. "సముద్రం పక్కన ఉప్పుండక పంచదారుంటదా అమ్మా?" అని నవ్వేడంట ఆయన. ఈవిడ తిరిగెళ్ళి, లంకలో ఆడోళ్ళందర్నీ ఎంటబెట్టుకొచ్చి, కొలను గట్టున ఖాళీ బిందెలు పెట్టుకుని కూచుంది. ఈదేవోళ్ళు బిక్కమొహాలేసేరు. "మీరు ఈదండి బాబూ, మేం తాగే నీళ్ళే, ఓసారి చూసిపోదామనొచ్చేం" అందంట. ఒక్కొక్కరే పైకొచ్చి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ఆసామి మనుషుల్ని పెట్టి గెంటించేడు. మర్నాడు మళ్ళీ వచ్చి కూచున్నారు. మోటారు మాత్రం ఆగలేదండి.

ఆకరికి ఆయన బోరే ఉప్పెక్కింది. ఎక్కదా మరి, అదీ ఆ నేలే కదా! దిగినోళ్ళకి కళ్ళు మండేయి, పంపులు తుప్పుపట్టేయి, జనం ఇంకో లంక చూసుకున్నారు. ఆసామీ మోటారూడదీసుకుని ఆళ్ళ ఎనకాలే పోయేడు.

బావి బాగవలేదు. తొలకరికి ముందు ఆడోళ్ళు దిగి కొలనంతా సున్నం కొట్టి కడిగేరు. ఆనక అందులో వాననీళ్ళు పట్టేరు. ఇప్పటికీ ఎవరో ఒకరు ఎక్కడో ఆ కొలను ఫొటో చూసి, తువ్వాలు బుజానేసుకుని దిగుతారంట. గట్టుమీద నూకరత్నం కర్రట్టుకుని ఉంటది. "తాగుతానంటే ఇస్తాను. దిగేవంటే కాలిరుగుద్ది" అంటదంట.

అదండి సంగతి. ఆ లంకలో ఈతకొలను నీళ్ళు తాగడానికీ, బావి నీళ్ళు గిన్నెలు తోమడానికీను. కొత్తగా వచ్చిన కోడళ్ళకి ముందు అదే చెప్తారంట.