ఉతకని చీర

అరవై తొమ్మిది ఎండకాలం, బందులతోని పట్నం మూతవడ్డ రోజులు. మొయినాబాద్‌ల పాలమ్మే స్వామిదాసు తన బర్రెను సురంగల్ కుర్మయ్యకు అమ్ముకున్నడు. వారం తిరక్కముందే కుర్మయ్య మళ్ల వచ్చి అరుగు మీద కూసున్నడు.

"అమ్మేటప్పుడు ఎవలు పిండినా ఇస్తదన్నవు గదనే దాసన్నా."

"అన్న."

"ఇస్తలేదు. పొదుగు బండలెక్క ఉన్నది. మా ఇంటామె సుక్కమ్మ కూసుంటె తన్నింది, నేను కూసుంటె తన్నింది. చుక్క ఇడుస్తలేదు."

"కొత్త జాగ గద కుర్మయ్యా. జర అలవాటు కానియ్యి. చాయ తాగుతవా?"

"చాయల పోసెటందుకు నీ ఇంట్ల పాలు లెవ్వు, నా ఇంట్ల లెవ్వు. ఏం చాయ."

"తవుడు పెడ్తున్నవా దానికి?"

"పల్లిపిండి గూడ పెట్టిన. నా పిల్లలకు పెట్టనిది దానికి పెట్టిన. మాట మార్చకు."

"నేనేం మార్చిన?"

"దాని దుడ్డె సచ్చిన సంది అది మీ ఇంటామె సరోజక్క చేతికే చేపేదట గద. అక్క కాలం చేసినంక నువ్వెట్ల పిండినవ్?"

"పిండిన ఎట్లనో."

"ఎట్లనో అంటె?"

"చేతులతోనే పిండిన. ఇంక దేనితోని పిండుతరు."

"మీ పక్కింటి ధనమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"అక్క చీర సుట్టుకొని కూసుంటుండెనట నువ్వు. కొట్టం తలుపేసుకొని."

"ధనమ్మకు పని లేదు."

"నవ్వుతానికి రాలేదన్నా నేను. గా చీరియ్యి. సుక్కమ్మ కట్టుకొని పిండుతది."

"చీర లేదు."

"ఏమైంది?"

"ఆమెతోనే సమాధిల పెట్టిన."

"సమాధిల తెల్ల చీర పెట్టిన్రు. నేనొచ్చిన గద, మన్ను గూడ ఏసిన."

"అయితె ఉతికిన. ఉతికినంక వాసన పోయింది. ఇగ దాన్ని పట్టుకపొయ్యి ఏం చేస్తవ్."

"ఉతికినవా? ఒట్టు?"

"మేం ఒట్లు పెట్టుకోం. నీకెర్కే."

"ఒట్టు లేకుండనే చెప్పు. నా మొకం చూసి చెప్పు."

"ఉతకలె."

"ఎందుకు దాసినవ్? నువ్వు అబద్ధమాడంగ నేనెన్నడు ఇనలె."

"బర్రెనమ్మితె తలుగు ఇయ్యం గద కుర్మయ్యా. మెడల తాడు ఇప్పుకొని మన ఇంట్లనే ఉంచుకుంటం, రివాజు. గిది గూడ అసొంటిదే అనుకున్న."

"తలుగు లేకున్నా బర్రె పాలిస్తది. గిది లేకుంటె ఇస్తలేదు."

"ఎర్కే. అమ్మిననాడే ఎర్కే నాకు. నోరు రాలె."

"గంత పానమైతె అసలెందుకమ్మినవే?"

"ఏం చెయ్యమంటవ్ తమ్మీ. బందన్నరు, బస్సు రాలె. బస్సొచ్చిననాడు పట్నంల కర్ఫ్యూ. మెహిదీపట్నంల నేను పాలు పోసే హోటలాయన షటర్ దించి ఊరికి వొయిండు. క్యాన్ల క్యాన్ల పాలు ఇరిగిపోయినయ్. పెరుగు తోడేసి వాడకట్టంత తిరిగిన, వాళ్ల దగ్గర మాత్రం పైసలేడియి? రోడ్డు మీద పోరగాండ్లు జై తెలంగాణ అంటుంటె నేను గూడ అన్న, మనసుల ఉండే, అందుకే అన్న. బర్రెకేం తెలుస్తది. దానికి మేత గావాలె."

"మా తమ్ముడు ఎల్లేశ్‌ది గదే కత. పట్నంల మిల్లు మూసిన్రని మూట పట్టుకొని ఇంటికొచ్చిండు. పిల్లలకు ఇంత సల్లన్న దొరుకుతదని ఉన్న మేకలమ్మి నీ బర్రెను కొన్న."

"తెలుసు."

"పోనీ నువ్వే రోజొచ్చి పిండరాదె?"

"చేవెళ్ల రోడ్డు మీద కంకర కొట్టే పనికి పోతున్న. చీకట్ల పోత, చీకట్ల వస్త."

"ఇగ ఒకటే తొవ్వ ఉన్నదన్నా. వచ్చే అంగడికి చేవెళ్లకు తోలుకపోత. పాలియ్యని బర్రెను ఎవలు కొంటరో నీకు చెప్పే పని లేదు."

"కోతకా?"

"నాకు మాత్రం మనసొప్పుతదా."

"అది దుడ్డెగున్నప్పుడు సరోజ గంజి తాపి సాదింది కుర్మయ్యా. తను తాగకుండ తాపింది."

"అందుకే నీ కాడికొచ్చిన. లేకుంటె ఈపాటికే తోలుకపోదును. అగో, లోపటికి పోతున్నవేందే? దాసన్నా, కోపమొచ్చిందా?"

"ఇగో. తీస్కో."

"చీర మెత్త గలీబుల పెట్టుకున్నవా?"

"తల కింద ఉంటుండె. ఇల్లంత ఎతికిన తమ్మీ, ఆమె వాసన ఇంకేడ లేదు. పేడ, పాలు, ఆమె చెమట, అన్ని గీ ఒక్కదాంట్లనే ఉన్నయ్. నేను గూడ గా బర్రె లెక్కనే అయిన. గిది లేకుంటె కన్ను మూతవడది."

"సగం చింపుకుందమా అన్నా? సగం నువ్వుంచుకో."

"సగం చీర ఎట్ల కడ్తది చెల్లె. వద్దు. ఉతకద్దని మాత్రం చెప్పు."

"చెప్త."

"కొంగు కుడి దిక్కు బొడ్ల చెక్కుకొని కూసునేది సరోజ. అట్లనే చెక్కుమను."

"చెప్త అన్నా. ఏడువకు. ఇంకేమన్న ఉన్నదా?"

"ఆదివారం నాకు పని ఉండదు. చర్చికి పోకముందు ఒకపారి మీ ఇంటికొస్త. కొట్టం బయటనే నిలబడ్త, లోపటికి రాను."

"దానికి అడుగుడేందే. నీ చేతుల పెరిగిన బర్రె, కడుపునిండ చూసిపో."

"బర్రెను కాదు కుర్మయ్యా. సుక్కమ్మ చెల్లె గీ చీర కట్టుకొని పాలు పిండుతుంటె ఎనకనుంచి జరసేపు చూస్త. మొకం మాత్రం నా దిక్కు తిప్పద్దని చెప్పు."