ఆరింటికి వెలిగే లైటు

పెళ్ళయిన నెలకి అతను ఇంట్లో లైట్లన్నీ భార్య ఫోనుకు కలిపి ఇచ్చాడు. ఆమె సరదాగా ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ వాకిలి లైటు దగ్గర ఆగింది.

“ఇది రోజూ ఆరింటికి వెలిగేట్టు టైమరుందేంటండీ?”

“పాతది. రెండేళ్ళ కిందట పెట్టాను.”

“అప్పటికి నేనెవరో మీకు తెలీదుగా.”

“ఆవిడ ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చేది. చీకట్లో తాళం తీయలేకపోయేది.”

“నేనొచ్చేది ఏడింటికి. వచ్చేసరికి లైటు వెలుగుతుంటే నాకోసమే వేశారని మురిసిపోతున్నాను, పిచ్చిమొహాన్ని.”

“విడాకులయ్యాక తీసేయడం మర్చిపోయానే.”

“గోడల మీది ఆవిడ ఫొటోలు తీసేయడం మాత్రం గుర్తుందా?”

“సరే, ఏడింటికి మారుస్తాలే.”

“మార్చడం కాదు. ఆవిడది తీసేసి, నాకు కొత్తగా పెట్టండి.”

ఫోను అతని చేతిలో పెట్టి, తెర కనపడేలా పక్కనే కూర్చుంది.