బోర్డు మీద నాన్న పేరు

పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి ఇంటి ముందుగది, సాయంత్రం పూట. ఆయన, ఆయన కూతురు, వంటగది గడపలో ఆయన భార్య.

"తీసేయించమన్నానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఎందుకు తీసేయించాలో ఒక్కసారి చెప్పు నాన్నా, చాలు. తీసెయ్ తీసెయ్ అనడమే తప్ప ఎందుకో చెప్పవే!"

"నా పేరు, నా ఇష్టం. నన్నడక్కుండా బోర్డుకెక్కించమని ఎవరు చెప్పారు?"

"అడిగితే ఒప్పుకుంటావా? ఒప్పుకోవనేగా అడగంది! రెండేళ్ల నుంచి ఆ రాబందుని నీ పేరు మీద దత్తత తీసుకుని సాకుతున్నాం, నేనూ మీ అల్లుడూ. నెలనెలా రాబందుల సంరక్షణ కేంద్రం వాళ్లు ఫొటో పంపిస్తుంటే నీకు చూపించకుండా ఎట్లా ఉగ్గబట్టుకున్నానో నాకు తెలుసు. రేపు దాన్ని బయటికి వదులుతున్నారు. ఆ బోను తలుపు నీ చేత తీయిద్దామని, నువ్వు పొంగిపోతావని..."

"పొంగిపోయాను. చాలా?"

"అద్దంలో చూసుకో ఒకసారి. పొంగిపోయిన మొహమేనా అది?"

"మెల్లగా మాట్లాడవే. ఆయనకి అసలే బీపీ."

"ఇంకాసేపుంటే నాకూ వస్తుందమ్మా. చెప్పు మీ ఆయనకి. రేపు ఏడింటికల్లా కారు వాకిట్లో ఉంటుంది. చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకొచ్చాను."

"నేను రానని చెప్తున్నాను కదా."

"వస్తావ్."

"రాను."

"మీ అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టాడు నాన్నా! పాపం ఆ మనిషి రాబందుని మామగారు అని పిలుస్తాడు ఇంట్లో. ఇవాళ మామగారు రెక్క విదిల్చారట, ఇవాళ మామగారు పక్కవాడి ముక్క లాక్కుని తిన్నారట, అని రోజూ ఇదే గోల."

"బట్టతల చూసి పెట్టాడేమోలే."

"అమ్మా, నువ్వు నవ్వించకు. నేను కోపంగా ఉన్నాను."

"కనపడుతూనే ఉంది."

"అసలు నీ బాధేంటి నాన్నా? రాబందనా? పులినో ఏనుగునో తీసుకుంటే సంతోషించేవాడివా? నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీగా ఉందా?"

"పిచ్చి వాగుడు వాగకు."

"మరేంటి? పశువులంటే ప్రాణం పెట్టిన మనిషివి. ఈ ఇల్లు ఒకప్పుడు సంతలా ఉండేది. కుంటి మేక, ఒంటికన్ను కుక్క, రెక్క విరిగిన కొంగ ఒకటి ఉండేది, స్నానాలగదిలో. నేను బడి నుంచి రాగానే సంచి విసిరేసి ముందు వాటి దగ్గరికే పోయేదాన్ని. అవునా కాదా?"

"అవును. అయితే?"

"మన ఆవు బొట్టు పోయింది, అంతే. ఆ తర్వాత పిల్లిని కూడా గడప తొక్కనివ్వలేదు నువ్వు. చుట్టాలింట్లోంచి కుక్కపిల్లని తెచ్చుకుంటే నా చేతుల్లోంచి లాక్కుని వాళ్లకే తిరిగి ఇచ్చేశావ్. మూడు రోజులు అన్నం తినలేదు నేను. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఎందుకని అడిగితే చెప్పావా? లేదు. ఇప్పుడూ అంతే. నోట్లో ముత్యాలున్నట్టు మూసుకుని కూర్చుంటావ్."

"ఇంక ఆపవే. టీ చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాత. నాన్నా, ఇదిగో, బోర్డు ఫొటో. ఇందులో తప్పేముందో చూపించు. ఏ అక్షరం తప్పో చూపించు, ఇప్పుడే ఫోన్ చేసి మార్పిస్తాను."

"చదివాను."

"చదవలేదు. పేరు చూడగానే ఫోను బల్ల మీద గిరాటేశావ్. నేను చదువుతాను, విను. 'ఇరవై ఏడో నంబరు పక్షి సంరక్షకులు, పశువుల ఆస్పత్రి విశ్రాంత కాంపౌండరు గారు. మూగజీవాల నొప్పి తీర్చడమే జీవితంగా బతికిన మనిషి. ఎనిమిదేళ్ల కూతురు కాళ్లు పట్టుకుని ఏడిస్తే, చావుబతుకుల్లో ఉన్న ఇంటి ఆవుకి నొప్పి తెలియకుండా సూది వేసి, అది కన్నుమూసేదాకా పక్కనే కూర్చున్నారు.' ఇది నేను రాసిందే. నాలుగుసార్లు కొట్టేసి రాశాను. బొట్టు నీ ఒళ్లో తల పెట్టుకుని పోవడం నాకింకా కళ్లముందే ఉంది. ఆ తర్వాత మూడు రోజులు నాకు ఒళ్లు తెలియని జ్వరం వస్తే నువ్వు ఆస్పత్రిలో నా మంచం పక్కనుంచి కదల్లేదు. ఇట్లాంటి నాన్న ఎవరికుంటాడని రాశాను. తప్పా?"

"ఆ ముక్క తీసేయించు."

"ఏ ముక్క?"

"ఆవు ముక్క. పేరుంటే ఉండి చావనీ. ఆ ముక్క మాత్రం వద్దు."

"అదే కదా అసలు ముక్క!"

"వద్దన్నానా! మనింటి సంగతి ఊరందరూ చదవాలా?"

"నువ్వూ అంతే, కేంద్రంలో డాక్టరమ్మా అంతే. అందరికీ ఆ ముక్కే పట్టుకుంది. మొన్న ఫోన్ చేసి, ఈ ఆవుకి సూది వేసింది ఏ ఏడాది అని అడిగింది."

"ఏం చెప్పావ్?"

"ఏడాది చెప్పాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు కదా, లెక్క తెలుసుగా."

"చెప్పేశావా?"

"చెప్పకూడదా? ఆ ఏడాదేనా, బాగా గుర్తుందా అని రెండుసార్లు గుచ్చి అడిగింది. చివరికి, మీ నాన్నగారు రాలేకపోతే పర్లేదు, మీరు మాత్రం తప్పకుండా రండి, తలుపు మీరే తీద్దురుగాని అంది. ఎంత మర్యాదగా మాట్లాడిందో. పరాయి మనిషికి ఉన్న ఆపేక్ష కూడా నీకు లేదు."

"ఏమండీ, మంచినీళ్లు తాగండి ముందు."

"అక్కర్లేదు."

"చూడు, మళ్లీ మొహం తిప్పుకున్నాడు. నిజం చెప్పు నాన్నా, నీకు రాబందంటే అసహ్యం. అంతేగా?"

"అసహ్యమా?"

"కాకపోతే?"

"నాకు రాబందంటే అసహ్యమా! ఏం తెలుసే నీకు రాబందుల గురించి? నెలకో ఫొటో చూసి తెలిసిపోయిందా? మన ఆస్పత్రి వెనక గుట్ట ఉందే, ఆ గుట్ట మీద పొద్దున్నే ఎన్ని వాలేవో చూశావా నువ్వు? రాయి కనపడేది కాదు. ఎండ ఎక్కగానే ఒక్కోటీ రెక్కలు విప్పేది. చచ్చిన గొడ్డుని బండివాడు ఆ బయల్లో పడేసిన గంటలో ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. కంపు లేదు, రోగం లేదు. మా డాక్టరు అనేవాడు, జీతం పుచ్చుకోని ఉద్యోగులు అని. నాకు అసహ్యమా!"

"మరి అంత ఇష్టమైతే రావడానికేం?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావ్?"

"అంటే?"

"ఏమండీ..."

"ఉండవే, అడగనీ. అడుగుతోందిగా పొద్దుట్నుంచీ. అవి ఎట్లా పోయాయో నీ కేంద్రం వాళ్లు చెప్పారా?"

"చెప్పారు. పశువులకి వేసే ఏదో నొప్పి మందు వల్లట. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తింటే వీటికి మూత్రపిండాలు పాడైపోతాయట."

"ఆ మందు వేసింది ఎవరు?"

"ఎవరో పశువుల డాక్ట... నాన్నా?"

"డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజులు సూది ఎవరి చేతిలో ఉండేది? ఈ చేతిలో. కాలు విరిగినా అదే, పొదుగు వాచినా అదే, ముసలిదై లేవలేకపోయినా అదే. సూది పడగానే మూలుగు ఆగేది. రైతులు దణ్ణం పెట్టేవాళ్లు. నేనూ ఉబ్బిపోయేవాణ్ణి, దేవుణ్ణయినట్టు. అక్కడ గుట్ట మీద ఒక్కోటీ మెడ వేలాడేసుకుని పడిపోతోంది. ఎండకేమో అనుకున్నాను. ఏదో తెగులేమో అనుకున్నాను."

"నీకు తెలీదు కదా నాన్నా."

"ముట్టుకోకు. ఏళ్లూ పూళ్లూ వేశాను."

"నీకేం తెలుసు, డాక్టర్లకే తెలీదు అప్పుడు! దీనికా ఇంత రాద్ధాంతం? అమ్మా, నీకు తెలుసా ఇది? తెలిసి కూడా చెప్పలేదా నాకు? ఇంతకాలం ఈయన ఇట్లా లోపల్లోపల కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"నా మీద పడకు."

"నీ మీద కాకపోతే ఎవరి మీద పడను? నాన్నా, విను. తెలియక చేసింది తప్పు కాదు. అసలు నువ్వే రావాలి రేపు. నువ్వు తీస్తేనే దానికో అర్థం. నా మాట విను."

"అన్నీ తెలియక చేసినవి కావు."

"ఏంటీ?"

"ఏమండీ, చాలు. ఇక్కడితో ఆపండి."

"ఒకటి తెలిసి వేశాను."

"తెలిసి అంటే?"

"ఆ మందు వాడొద్దని ఆస్పత్రికి కాగితం వచ్చింది. ఎందుకొద్దో కూడా రాశారు, వివరంగా. చదివాను. డబ్బాలన్నీ నేనే గోతిలో వేసి సున్నం పోసి పూడ్చాను. ఒక్క సీసా ఉంచాను."

"ఎందుకు?"

"తెలీదు. చెయ్యి రాలేదు. మారు మందు రావడానికి ఆర్నెల్లు పడుతుందన్నారు. ఎప్పుడైనా మరీ తప్పనిసరైతే అనుకున్నానేమో."

"వేశావా?"

"వేశాను."

"కాగితం చదివాక? పక్షులు చచ్చిపోతాయని తెలిశాక?"

"ఆవు చచ్చాక లోతుగా గొయ్యి తీసి పూడ్చేద్దాం, ఏ పిట్టా ముట్టుకోదు అనుకున్నాను. గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను కూడా. సగంలో ఆస్పత్రికి పరిగెత్తాల్సొచ్చింది. మనుషుల ఆస్పత్రికి."

"ఎవరికేమైంది?"

"ఎవరికో ఒకరికి. ఇప్పుడదెందుకు? నేను తిరిగొచ్చేసరికి బండివాడు మామూలుగానే ఈడ్చుకెళ్లి బయల్లో పడేశాడు. వాడికేం తెలుసు? నేను చెప్పి వెళ్లలేదు. అప్పటికి గుట్ట మీద మిగిలినవే పదకొండు. పదకొండూ దిగాయి. ఆ వారం చివరికి ఒక్కటీ లేదు. ఆఖరిదాన్ని నేనే ఎత్తి పూడ్చాను. దాని మెడ నా మోచేతి మీద వేలాడుతోంది. ఇప్పటికి ఇరవై ఏళ్లు, ఆ గుట్ట మీద మళ్లీ ఒకటి వాలితే ఒట్టు."

"ఎవరి కోసం?"

"పోనీలే."

"ఎవరి కోసం వేశావ్ నాన్నా? ఏ మహానుభావుడు బతిమాలితే కరిగిపోయావ్?"

"గుర్తులేదు."

"నీకా? ముప్పై ఏళ్ల కింద ఈనిన గేదెకి ఏ కాలు మీద మచ్చుందో చెప్తావ్, నీకు గుర్తులేదా? ఎవరో పెద్దమనిషి అయ్యుంటాడు. కాదనలేకపోయావ్."

"పెద్దమనిషేం కాదు."

"మరెవడు? నా ఆవు, నా ఆవు అని నీ మెడ మీద కూర్చుని వేయించుకున్నాడు, అంతేగా! వాడికి వాడి ఆవే లోకం. పోయే ఆవు ఎట్లాగూ పోయింది. పదకొండు పక్షుల్ని దానితోపాటు తీసుకుపోయింది. వాడు హాయిగా ఇంటికెళ్లి అన్నం తిని పడుకుని ఉంటాడు. నువ్వు మాత్రం ఇరవై ఏళ్లుగా పిల్లి మొహం కూడా చూడకుండా శిక్ష వేసుకున్నావ్. ఎంత అన్యాయం!"

"ఇంక వదిలెయ్యమ్మా."

"వదలను. పేరు చెప్పు. వాడింటికెళ్లి గుమ్మంలో నిలబడి అడుగుతాను, నీ ఏడుపు వల్ల ఏం జరిగిందో తెలుసా అని. ఏడిస్తే సరిపోయిందా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకే."

"నువ్వు వెనకేసుకు రాకమ్మా! సిగ్గుండాలి ఆ మనిషికి. రేపు లాక్కొచ్చి ఆ బోర్డు ముందు నిలబెడతాను. చదువు, ఇదిగో, నువ్వు కాళ్లావేళ్లా పడి వేయించిన సూదికి మా నాన్న ఇంకా తల దించుకునే బతుకుతున్నాడని చెప్తాను. మనిషి జన్మెత్తినవాడైతే అక్కడే కుప్పకూలాలి!"

"ఏమండీ, మీరు వింటున్నారా ఇది?"

"నువ్వు నోరెత్తకు."

"ఎత్తుతాను. ఇరవై ఏళ్లు మీ మాట విని మూసుకున్నాను."

"నీకు దణ్ణం పెడతాను, ఊరుకోవే."

"ఊరుకోను. దాని నోటి వెంట ఇంకొక్క తిట్టు వస్తే నేను వినలేను. తల్లిని నేను. ఒసే, ఇట్లా చూడు. ఎవరినీ లాక్కురానక్కర్లేదు. రేపు ఆ బోర్డు ముందు నువ్వే నిలబడతావుగా, నిలబడి నువ్వు రాసిన ముక్క ఇంకోసారి చదువుకో. అందులోని సూదీ ఈ సూదీ ఒకటేనే."